యాభై పైసల పోస్టుకార్డు మీద బొమ్మలు: ఏ పెన్నుకి లొంగుతుంది, దేనికి లొంగదు

తపాలా శాఖ అమ్మే 50 పైసల పోస్టుకార్డుని బొమ్మలు వేసి పంపేవాళ్ల కళ్లతో చూస్తే తీర్పు ఇదీ: బాల్‌పెన్నుకీ రంగు పెన్సిళ్లకీ భేషుగ్గా ఉంటుంది. జెల్ పెన్నుకి పరవాలేదు. ఇంకు పెన్నుకీ నీటి రంగులకీ మాత్రం ముందుగా కొంత చాకిరీ చేసుకోనిదే లొంగదు. ఇన్ని పేచీలున్నా మెయిల్ ఆర్ట్ (బొమ్మలు వేసి తపాలాలో పంపుకునే కళ) మొదలుపెట్టేవాళ్లకి దీన్ని మించిన సరుకు నెల్లూరు ట్రంకు రోడ్డంతా గాలించినా దొరకదు. రూపాయికి రెండు వస్తాయి. చెడిపోయినా బెంగ లేదు కాబట్టి చెయ్యి భయం లేకుండా ఆడుతుంది. ఖరీదైన స్కెచ్ పుస్తకం కొన్నవాళ్లు మొదటి పేజీ పాడవుతుందేమోనని దాన్ని బీరువాలో దాచేస్తారు. పది కార్డులు కొన్నవాళ్లు పదీ వాడేస్తారు.

మన దేశంలో పోస్టుకార్డు 1879 జులై 1న పావు అణా ధరకి మొదలైంది. ఇప్పటి కార్డు 14 సెంటీమీటర్ల పొడవు, 9 సెంటీమీటర్ల వెడల్పు. స్టాంపు దాని మీదే అచ్చయి ఉంటుంది. చిరునామా వైపు కుడి సగం తపాలా వాళ్లది. ఎడమ సగం, వెనక వైపు మొత్తం మనవి. బొమ్మకి 14 × 9 అంతా వాడుకోవాలనిపిస్తుంది కానీ చుట్టూ అర సెంటీమీటరు వదిలి 13 × 8లో వేసుకోవడమే మేలు. కట్టలు కట్టినప్పుడు, సంచుల్లో పడేసినప్పుడు ముందుగా నలిగేది అంచులే. మూలలు మెత్తబడి పొరలు లేస్తాయి.

కార్డు రంగు లేత పసుపు. పైభాగం గరుకు. సిరాని అడ్డుకునే పూత పెద్దగా ఉండదు కాబట్టి తడి తగిలితే పీల్చేస్తుంది. ఈ పీల్పు అన్ని కట్టల్లోనూ ఒకేలా ఉండదు. అందుకే కొత్త కట్ట తెచ్చుకున్నప్పుడల్లా ఒక కార్డుని పరీక్షకి కేటాయించాలి. మూల మీద ఒక్క నీటి చుక్క వేసి చూడండి. చుక్క కాసేపు ఉబ్బెత్తుగా నిలబడితే ఆ కట్ట జెల్ పెన్నుకి ఆగుతుంది. పడగానే ఇంకి నల్లబడితే బాల్‌పెన్ను, పెన్సిలు తప్ప వేరేవి దాని దగ్గరికి తేవద్దు. కార్డుల కోసం నెల్లూరు, ఒంగోలు హెడ్ పోస్టాఫీసులకి వెళ్లినప్పుడు ఒకేసారి పాతికో యాభయ్యో తెచ్చుకుంటే ఈ పరీక్ష పదే పదే చేసే పని తప్పుతుంది.

బాల్‌పెన్ను సిరా నూనె బంక. నీళ్లలో పలచబడదు, కార్డు పీచులోకి పాకదు. అందుకే తెల్ల ఒళ్లు, నీలం మూత ఉన్న రెనాల్డ్స్ 045 లాంటి మామూలు పెన్ను ఈ కార్డు మీద ఖరీదైన పెన్నుల్ని ఓడిస్తుంది. ఒత్తిడి తగ్గిస్తే బూడిద రంగు గీత, పెంచితే గట్టి గీత వస్తుంది. జెల్ పెన్నులో ఈ తేడా రాబట్టలేం. నీడలకి పలచటి అడ్డగీతలు మూడు నాలుగు దిక్కుల్లో ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోవాలి. ఒకేసారి ఒత్తి నలుపు తేవాలని చూస్తే కార్డు గుంటపడి, ఆ గుంటలు చిరునామా వైపు గట్లుగా తేలతాయి. కింద మెత్తటి పుస్తకం పెట్టుకున్నా ఇదే జరుగుతుంది. గట్టి అట్ట మీద ఒకే ఒక్క కాగితం పరిచి దాని మీద వేసుకోవాలి. ఇంకో ఇబ్బంది పెన్ను మొనకి చేరే సిరా ముద్ద. గరుకు కార్డు పీచు దాన్ని ఇంకా పెంచుతుంది. పది పన్నెండు గీతలకోసారి మొనని పాత గుడ్డకి తుడవడం అలవాటైతే బొమ్మ మధ్యలో మచ్చ పడదు.

జెల్ పెన్నుల్లో డై సిరా ఉన్నవి, పిగ్మెంట్ సిరా ఉన్నవి వేరు. డై అంటే నీళ్లలో కరిగే రంగు, తడిస్తే పోతుంది. పిగ్మెంట్ రంగు పొడి రేణువుల్లా పీచుకి పట్టుకుంటుంది, ఆరాక కదలదు. జెల్ కాకపోయినా, యూనీబాల్ ఐ అనే రోలర్‌బాల్ పెన్ను కూడా పిగ్మెంట్ సిరాదే. ఫైబర్ మొన ఉన్న పిగ్మా మైక్రాన్ కూడా అంతే. అయితే మైక్రాన్ మొనలు ఈ గరుకు మీద తొందరగా అరిగి చీలిపోతాయి. 0.20 మిల్లీమీటర్ల 005 సైజు అయితే మరీ సున్నితం. అది మంచి కాగితానికి దాచుకుని, ఇక్కడ 0.45 గీత వేసే 05 సైజు వాడాలి, పెన్నుని నిటారుగా పట్టుకుని, ఒత్తకుండా. చెరిపేస్తే పోయే ఫ్రిక్షన్ పెన్ను తపాలాకి పనికిరాదు. ఆ సిరా 60 డిగ్రీల వేడి దగ్గర రంగు కోల్పోతుంది. మే నెలలో మిట్టమధ్యాహ్నం ఎండలో కాగే ఇనప పోస్టు డబ్బాలోకి అలాంటి ఉత్తరం వేయకూడదు.

ఇంకు పెన్ను ప్రేమికులకి ఈ కార్డు నిరాశే. సన్నపాళీతో గీసినా గీత లావెక్కి అంచులు పీచులు కడతాయి, వెనక్కి దిగుతుంది. మామూలు నీలం సిరా డై కాబట్టి వాన చినుకు పడితే చిరునామా చెదిరిపోతుంది. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. ఆ మూడు నెలలూ చిరునామా బాల్‌పెన్నుతోనే రాయాలి. బొమ్మ ఎంత బాగున్నా చిరునామా పోతే కార్డే పోతుంది. నీళ్లకి చెదరదని డ్రాయింగ్ ఇంకుని ఇంకు పెన్నులో నింపితే అది లోపల గట్టిపడి పాళీ కింద ఉండే సన్న గాడులు పూడుకుపోతాయి. ఆ ఇంకుని ముంచి రాసే పాళీతోగానీ బ్రష్‌తోగానీ మాత్రమే వాడాలి.

ఇక ఈ కార్డు అసలు బలం దాని రంగులో ఉంది. తెల్ల కాగితం మీద తెలుపు వేయలేం. లేత పసుపు మీద వేయొచ్చు. ఒంగోలు గిత్త బొమ్మకి ఇంతకన్నా సరైన నేల దొరకదు. కార్డు రంగునే ఒంటి మధ్యఛాయగా వదిలేసి, వెలుగు తెల్ల పెన్సిలుతో, చీకటి నల్ల బాల్‌పెన్నుతో తేవాలి. ముందు హెచ్‌బీ పెన్సిలుతో ఆకారం తేలిగ్గా గీసుకోండి. 2బీ అయితే చెయ్యి తగిలి నల్లగా పులుముకుంటుంది, 2హెచ్ అయితే గాడి పడుతుంది. తర్వాత బాల్‌పెన్నుతో కంటి చుట్టూ, ముట్టె, గిట్టలు నలుపు చేసుకోవాలి. గిత్తకి తల, మెడ, మూపురం దగ్గర ముదురు బూడిద రంగు ఉంటుంది కదా, అక్కడ ఎడంగా అడ్డగీతలు చాలు. మూపురం మీద గీతలు దాని వంపు వెంట తిరగాలి. నిలువుగా వేస్తే మూపురం బల్లపరుపుగా కనిపిస్తుంది. ఇంత అయ్యాక కనీసం అరగంట ఆగి తెల్ల పెన్సిలు తీయాలి. వీపు, పక్కలు, గంగడోలు మడతల పైఅంచులు తెల్లగా దిద్దాలి. తెలుపు, నలుపు ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు. రంగు పెన్సిలులోని మైనం మీద బాల్‌పెన్ను జారిపోయి గీత పడదు, పచ్చి సిరా మీద పెన్సిలు రుద్దితే బూడిద మరక అవుతుంది. చివర్లో తెల్ల జెల్ పెన్నుతో రెండు మూడు చుక్కలు, కంట్లో ఒకటి, ముట్టె తడి మీద ఒకటి పెడితే గిత్త లేచి నిలబడుతుంది. అంతకు మించి పెట్టొద్దు.

ఇదే పద్ధతి పులికాట్ రాజహంసలకీ పనికొస్తుంది, లేత గులాబీ పెన్సిలు ఒకటి తోడైతే చాలు. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ మెరుపు తేవాలంటే నలుపుకి బాల్‌పెన్ను వద్దు. నల్ల రంగు పెన్సిలుతో పలచగా నింపి, దాని మీద బంగారు జెల్ పెన్ను చుక్కలు ఒకే సైజులో కాకుండా చల్లాలి. బాల్‌పెన్ను నూనె మీద ఒకటి రెండు చుక్కలు నిలిచినా, ఇన్ని చుక్కలకి జెల్ సరిగ్గా పట్టదు. ఆయిల్ పేస్టల్స్ (నూనె రంగు కడ్డీలు) జోలికి అసలు వెళ్లొద్దు. అవి పక్క ఉత్తరాలకి అంటుకుంటాయి.

నీటి రంగులే కావాలనుకునేవాళ్లు కార్డుకి ముందు జెలటిన్ పూత వేసుకోవాలి. పావు లీటరు చన్నీళ్లలో 5 గ్రాముల జెలటిన్ పది నిమిషాలు నాననిచ్చి, సన్న సెగ మీద కరిగే దాకా వేడి చేయాలి. మరగనిస్తే జెలటిన్ పట్టు పోతుంది. గోరువెచ్చగా ఉన్నప్పుడే అంగుళం వెడల్పు బ్రష్‌తో బొమ్మ వేసే వైపు ఒకే పూత, ఒకే దిక్కులో. వెనక్కీ ముందుకీ రుద్దితే పీచు లేచి నూగు వస్తుంది, ఆ కార్డు ఇక పనికిరాదు. సగం ఆరాక పాత పంచె ముక్కల మధ్య పెట్టి పైన బరువు ఉంచాలి. ఒకవైపే పూత కాబట్టి వదిలేస్తే చుట్టుకుపోతుంది. న్యూస్‌పేపరు మధ్య పెడితే అచ్చు అంటుకుంటుంది. ఎండాకాలంలో పూటలో ఆరుతుంది, నవంబరు ముసురులో రెండు రోజులైనా చల్లగానే ఉంటుంది. తడి ఉండగా రంగేస్తే పూత కరిగిపోతుంది. చిటికెడు పటిక పొడి కలిపితే పూత ఇంకాస్త గట్టిపడుతుంది. ఎక్కువైతే మాత్రం అందులోని ఆమ్లం వల్ల కార్డు కాలక్రమంలో పెళుసెక్కుతుంది.

జెలటిన్ జంతువుల నుంచి తీసేది కాబట్టి వద్దనుకునేవాళ్లకి అన్నం వార్చిన గంజి ఉంది. ఉప్పు వేయని గంజి పలచని గుడ్డలో వడకట్టి, ఒక వంతు గంజికి నాలుగు వంతుల నీళ్లు కలపాలి. ఉప్పుంటే గాలిలో తేమని లాక్కుని కార్డు ఎప్పుడూ చెమ్మగా ఉంటుంది. ఏ పూటకి ఆ పూట చేసుకోవాలి, పులిసిన గంజి బూజుకి పునాది. పట్టులో గంజి జెలటిన్ కన్నా ఒక మెట్టు కిందే. ఆరాక కార్డు మీద బటర్ పేపరు పరిచి, ఉదయగిరి చెక్క గరిటె వెనక వైపుతో గట్టిగా రుద్దితే లోటు కొంత తీరుతుంది. పీచు అణిగి, సిరా పాకడం తగ్గుతుంది. పూత లేని కార్డుని కూడా ఇలా రుద్దితే జెల్ పెన్నుకి తేడా కనిపిస్తుంది. ఇంత చేసినా కార్డు చెరువులా నీళ్లు పోసుకునే రంగులకి తట్టుకోదు. బ్రష్‌ని గుడ్డకి అద్ది, పొడిపొడిగా రెండు పొరలు. మూడో పొరకి పైభాగం ఉండలు కడుతుంది.

పోస్టు చేసేటప్పుడు చిరునామా సగంలోకి బొమ్మ తోకలు, తీగలు రానివ్వకండి. పిన్‌కోడ్ ఆరు అంకెలూ విడివిడిగా, స్పష్టంగా ఉండాలి. నెల్లూరు హెడ్ పోస్టాఫీసుకి 524001, ఒంగోలుకి 523001. ముద్ర నల్లగా, ఎక్కడైనా పడొచ్చు. చేరే ఊళ్లో వేసే ముద్ర బొమ్మ మీద పడినా ఆశ్చర్యపోనక్కర్లేదు, మెయిల్ ఆర్ట్‌లో అది బొమ్మలో భాగమే. ఒక మూల ఖాళీగా వదిలితే ముద్రకి చోటు దొరుకుతుంది. డబ్బాలో వేయకుండా కౌంటరులో ఇచ్చి, ముద్ర చక్కగా వేయమని మర్యాదగా అడిగితే చాలాసార్లు వేస్తారు. కార్డు మీద ఎండుపూలు, బటన్లు, తళుకులు అంటించకూడదు. వాషీ టేపు (బొమ్మలున్న రంగు కాగితపు టేపు) కూడా అంచుల దగ్గర వద్దు, ఉక్కకి జిగురు వదిలి పక్క కార్డుని పట్టుకుంటుంది. పలచటి కాగితం ముక్క అతికించాలంటే గ్లూ స్టిక్‌తో మూలలతో సహా పూర్తిగా అంటించాలి. నీళ్ల జిగురు కార్డుని వంకర చేస్తుంది.

రెండున్నర రూపాయల ఇన్‌లాండ్ లెటరు బొమ్మల మాటకొస్తే పోస్టుకార్డుకి సాటిరాదు. కాగితం పలచన, నీలం నేల మీద రంగులన్నీ మసకబారతాయి, మడతలు బొమ్మ మధ్యనుంచే పోతాయి. లోపల ఏమీ పెట్టనివ్వరు. రాతకి మాత్రం బాగుంటుంది.

మంచి కాగితం మీద వేసిన బొమ్మ పంపాలంటే 5 రూపాయల కవరు దారి. ఆ ధరకి 20 గ్రాముల దాకా వెళుతుంది. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి 300 గ్రాములు తూగే) వాటర్‌కలర్ కాగితం ఏ4 షీటులో 14 × 9 కార్డులు నాలుగు వస్తాయి, ఒక్కోటి 4 గ్రాముల లోపే. కవరు, రెండు మామూలు ఏ4 కాగితాల ఉత్తరం, ఒక బొమ్మ కార్డు కలిపినా 20 గ్రాములు దాటదు. అచ్చు వేయించిన పిక్చర్ కార్డుకి ఇది రాసేనాటికి 6 రూపాయల స్టాంపు. విదేశాలకి రేటు వేరు కాబట్టి, 2005లో పోర్చుగల్‌లో మొదలైన పోస్ట్‌క్రాసింగ్‌లో (ముక్కూ మొహం తెలియని విదేశీయులతో పోస్టుకార్డులు ఇచ్చిపుచ్చుకునే వేదిక) చేరినవాళ్లు కౌంటరులో అడిగి, ఆ మేరకు స్టాంపులు అతికించుకోవాలి. మామూలు కార్డుకి ట్రాకింగ్ ఉండదు. పోతే ప్రాణం విలవిల్లాడే బొమ్మైతే స్పీడ్ పోస్టే గతి. రిజిస్టర్డ్ పోస్టు 2025లో అందులోనే కలిసిపోయింది.

వచ్చిన కార్డుల్ని ప్లాస్టిక్ కవర్లలో బిగించి దాచొద్దు, చెమ్మ లోపలే ఉండిపోతుంది. గంజి, జెలటిన్ పూసినవంటే బొద్దింకలకీ పుస్తకాల పురుగులకీ మరీ ఇష్టం. అట్టపెట్టెలో నిలువుగా పేర్చి, సిలికా జెల్ పొట్లం ఒకటి పడేసి, వానాకాలం వెళ్లగానే ఓసారి నీడలో ఆరబెట్టాలి. బాల్‌పెన్ను బొమ్మల్ని ఫ్రేము కట్టించి ఎండ పడే గోడకి తగిలించకూడదు. ఆ సిరా నీళ్లకి పోదు కానీ వెలుతురుకి వెలిసిపోతుంది.