పాత టాటా 407 గేర్ బాక్స్‌కు ఏ ఆయిల్? నర్సీపట్నం–చింతపల్లి ఘాట్‌లో ఏళ్ల వాడకం చెప్పినది

పాత టాటా 407కు గేర్ ఆయిల్ కొనేటప్పుడు డబ్బా మీద పెద్దగా కనిపించే 90, 140 అంకెల కంటే ముందు, చిన్న అక్షరాలలో ఉండే ఏపీఐ జీఎల్ తరగతిని, అంటే ఆ ఆయిల్ ఎలాంటి గేర్ల కోసం తయారైందో చెప్పే గుర్తును చూడాలి. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లి వెళ్లే ఘాట్‌లో ఒకే బండిని ఏళ్ల తరబడి తిప్పుతూ, మూడు రకాల ఆయిళ్లను ఒకదాని తర్వాత ఒకటి పూర్తి కాలం వాడిన మీదట ఈ నిర్ణయానికి వచ్చాను.

407 మార్కెట్‌లోకి వచ్చింది 1986లో. నా దగ్గరున్నది పాత తరం బండి; ముందుకు ఐదు గేర్లు, పళ్లు కలిసే ముందు వేగాలను సమం చేసే సింక్రోమెష్ గేర్ పెట్టె. పైకి సిమెంటు, కిరాణా సరుకు ఎక్కిస్తాం. కిందికి కాఫీ, మిరియాలు, పసుపు, కూరగాయలు దించుతాం. మే నెలలో నర్సీపట్నంలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, డిసెంబరు, జనవరి తెల్లవారుజామున లంబసింగిలో చలి సున్నాకు దగ్గరగా దిగుతుంది. లోడుతో ఘాట్ ఎక్కేటప్పుడు రెండో గేరుకూ మూడో గేరుకూ మధ్య చెయ్యి ఆడుతూనే ఉంటుంది. ఆయిల్ మంచిదో కాదో తేల్చుకోవడానికి ఇంతకంటే కఠినమైన రోడ్డు మన ప్రాంతంలో తక్కువ.

బండి నా చేతికి వచ్చేనాటికి గేర్ బాక్స్‌లో జీఎల్-5 తరగతి 85డబ్ల్యూ-140 ఆయిల్ ఉంది (డబ్ల్యూ ఉన్న అంకె చలిలో, రెండో అంకె వేడిలో చిక్కదనాన్ని చెప్పే గ్రేడు). పాత బళ్లకు చిక్కటి ఆయిల్ మంచిదనే నమ్మకం మన షెడ్లలో బలంగా ఉంది. "140 పోసేయండి బాబూ, సౌండు తగ్గిపోద్ది" అని నాతో అన్న మెకానిక్కులు ఒకరిద్దరు కాదు. సౌండు తగ్గడం నిజమే. అయితే తెల్లవారుజామున చింతపల్లిలో బండి తీసినప్పుడు ఆ ఆయిల్ ముదురు పాకంలా ఉండి, రెండో గేరు పడటానికి లీవరును గట్టిగా నెట్టవలసి వచ్చేది. పెట్టె వేడెక్కి గేర్లు తేలిక పడేసరికి చాలా దూరం వచ్చేసేవాళ్లం. మధ్యాహ్నం లోడుతో ఎక్కుతూ మూడు నుంచి రెండుకు దించినప్పుడు, చలి లేకపోయినా, గేరు కర్రుమనేది. చలిలోనే ఇబ్బంది ఉంటే తప్పు చిక్కదనానిదని సరిపెట్టుకోవచ్చు. వేడిలోనూ కర్రుమంటున్నదంటే కారణం మరొకటి ఉన్నట్టే.

ఆ కారణం సింక్రో పనితీరులో ఉంది. గేరు మార్చినప్పుడు ఇత్తడి సింక్రో రింగు గేరు మీది ఉక్కు కోనును రాపిడితో పట్టుకుని, రెండింటి వేగాలను సమం చేసిన తర్వాతే పళ్లు కలుస్తాయి. ఆ క్షణంలో వాటి మధ్య ఉన్న ఆయిల్ పొర తెగి పక్కకు జరగాలి, లోహానికి లోహం పట్టు దొరకాలి. జీఎల్-5 ఆయిల్ తయారైంది వెనుక ఇరుసు హౌసింగ్‌లో చక్రాలకు శక్తిని మళ్లించే క్రౌన్, పినియన్ అనే పళ్ల చక్రాల కోసం. అక్కడ పళ్లు ఒకదాని మీద ఒకటి విపరీతమైన ఒత్తిడితో జారుతూ తిరుగుతాయి కనుక, వాటిని కాపాడటానికి గంధకం, భాస్వరం కలిసిన రసాయనాలను జీఎల్-4లో కంటే సుమారు రెట్టింపు మోతాదులో వేస్తారు. హౌసింగ్‌లో ప్రాణం పోసే ఆ గుణమే సింక్రో దగ్గర అడ్డుపడుతుంది, ఎందుకంటే రాపిడి కావలసిన చోట జారుడు ఎక్కువవుతుంది. దీనికి తోడు, చురుకైన గంధకం వేడిలో రాగినీ, రాగి కలిసిన ఇత్తడినీ కొరికే అవకాశం ఉంది. నేటి జీఎల్-5 ఆయిళ్లన్నీ ఇత్తడిని తినేస్తాయనడం మాత్రం న్యాయం కాదు. రాగి పట్టీని వేడి ఆయిల్‌లో ఉంచి మరకను చూసే ఏఎస్‌టీఎం డీ130 పరీక్షలో చక్కగా నిలిచేవి వాటిలోనూ ఉన్నాయి. అయినా జారుడు సమస్య ఆ పరీక్షతో తీరేది కాదు.

తర్వాత పోసింది జీఎల్-4 తరగతి 90 నంబరు ఆయిల్, అంటే చలి గ్రేడు లేని ఒంటి అంకె ఆయిల్. కర్రుమనే చప్పుడు మొదటి కొద్ది రోజుల్లోనే బాగా తగ్గింది. మైదానంలో తిరిగే బండికి ఇది నిస్సందేహంగా చాలు, ఖర్చూ తక్కువ. లంబసింగి చలిలో మాత్రం ఉదయం పూట కొంత బిగువు మిగిలింది. ఆపై జీఎల్-4 తరగతి 80డబ్ల్యూ-90కి మారాను. ఇప్పటికీ అదే వాడుతున్నాను. చలి ఉదయాన రెండో గేరు తొలి ప్రయత్నంలోనే పడుతోంది, ఎండలో ఘాట్ ఎక్కినా పెట్టె చప్పుడు పెరగలేదు.

అంకెల గురించి ఒక అపోహను ఇక్కడే తొలగించాలి. గేర్ ఆయిల్ 90 అనగానే ఇంజిన్ ఆయిల్ 40 కంటే రెట్టింపు చిక్కన అనుకునేవారు చాలామంది ఉన్నారు. ఈ రెండూ వేర్వేరు కొలమానాలు. గేర్ ఆయిళ్ల చిక్కదనానికి ప్రమాణమైన ఎస్‌ఏఈ జే306 ప్రకారం 90 గ్రేడు ఆయిల్ చిక్కదనం 100 డిగ్రీల వేడిలో 13.5 నుంచి 18.5 సెంటీస్టోక్స్ లోపు ఉంటుంది. ఇంజిన్ ఆయిల్‌లో 40 గ్రేడుకు అది 12.5 నుంచి 16.3 లోపు, అంటే రెండూ దాదాపు ఒకే చోట నిలుస్తాయి. 140 గ్రేడు మాత్రం 24 దగ్గర మొదలవుతుంది. 80డబ్ల్యూ అంటే మైనస్ 26 డిగ్రీల వద్ద కూడా చిక్కదనం 1,50,000 సెంటీపాయిజ్ మించని ఆయిల్. 85డబ్ల్యూకు అదే పరిమితి మైనస్ 12 డిగ్రీల దగ్గరే వస్తుంది. మన దగ్గర అంత చలి ఎన్నడూ ఉండదు, కానీ ఆ తేడా లంబసింగి చలిలో కూడా చేతికి తెలుస్తుంది.

డబ్బా మీద ఎంటీ-1 అని కనిపిస్తే సింక్రో పెట్టెకు సరిపోతుందని పొరబడకూడదు. అది సింక్రో లేని భారీ లారీల, బస్సుల గేర్ బాక్సుల కోసం పెట్టిన తరగతి. ఒకే కంపెనీ రెండు తరగతులూ దాదాపు ఒకే రంగు డబ్బాలలో అమ్ముతుంది కనుక దుకాణంలో పేరు చెప్పి అడగడం చాలదు. ఉదాహరణకు ఇండియన్ ఆయిల్ వారి సర్వో శ్రేణిలో గేర్ హెచ్‌పీ జీఎల్-4 ఆయిల్, గేర్ సూపర్ జీఎల్-5 ఆయిల్. నేను మొదటిదాన్ని గేర్ బాక్స్‌కూ రెండోదాన్ని హౌసింగ్‌కూ వాడుతున్నాను. రెండింటికీ ఒకే డబ్బాతో పని కానిద్దామనే సలహాను దయచేసి అంగీకరించకండి.

140 పోస్తే చప్పుడు తగ్గుతుందన్న మాటకు జవాబు చెప్పాలి. బండిని న్యూట్రల్‌లో ఉంచి ఇంజిన్ నడుస్తుండగా వినిపించే గురగుర, క్లచ్ పూర్తిగా తొక్కగానే ఆగిపోతే, అది సాధారణంగా ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగుదో లే షాఫ్ట్ బేరింగుదో అయి ఉంటుంది. అరిగిన బేరింగును ఏ ఆయిలూ బాగు చేయదు. చిక్కటి ఆయిల్ ఆ చప్పుడును కప్పేస్తే, ఘాట్ మధ్యలో పెట్టె పట్టేసే దాకా యజమానికి విషయం తెలియదు. లోడు బండి, వెనుక వచ్చే బస్సు, పక్కన లోయ ఉన్న రోడ్డులో ఇది డబ్బుతో పోయే నష్టం కాదు.

ఆయిల్ మార్చే పద్ధతి కూడా ఆయిల్ అంత ముఖ్యమే. బండి తిరిగి వచ్చి పెట్టె వేడిగా ఉన్నప్పుడు, చదును నేల మీద, మొదట పక్కనున్న ఫిల్లర్ ప్లగ్ ఊడుతుందో లేదో చూసుకుని ఆ తర్వాతే కింది డ్రెయిన్ ప్లగ్ విప్పించాలి. పాతది దించేశాక పై ప్లగ్ తుప్పుతో కదలకపోతే బండి షెడ్డులోనే ఉండిపోతుంది. ఫిల్లర్ రంధ్రం అంచు నుంచి కారడం మొదలయ్యే దాకా పోస్తే చాలు. అంతకు మించి పోస్తే ఆయిల్ నురగ కట్టి, సీళ్ల గుండా తోసుకుని క్లచ్ ప్లేటు మీదికి చేరుతుంది. పెట్టెలోని గాలి బయటికి పోయే బ్రీదర్ మట్టితో పూడిపోయినా ఇదే జరుగుతుంది కనుక ఘాట్ బళ్లలో దానిని ప్రతిసారీ శుభ్రం చేయించాలి. దించిన ఆయిల్‌లో మెత్తటి బూడిద రంగు ముద్ద ఉంటే కంగారు లేదు. బంగారు రంగు పొడి మెరిస్తే సింక్రో రింగులు అరుగుతున్నాయి. పాలలా తెల్లబడితే నీరు చేరింది. నా బండిలో 140 దించినప్పుడు ఆ బంగారు పొడి స్పష్టంగా కనిపించింది. 80డబ్ల్యూ-90కి మారిన తర్వాత దించిన ఆయిళ్లలో అది వెతికితే తప్ప కనబడలేదు.

సింథటిక్ 75డబ్ల్యూ-90 జీఎల్-4 గురించి అడిగేవారికి నా మాట ఒకటే: చలికాలమంతా పైనే ఉండే బండికి అది మేలు, కానీ సీళ్లు పాతబడిన పెట్టెలో పోసే ముందు వాటిని మార్పించాలి, లేదంటే ఖరీదైన ఆయిల్ నేల పాలవుతుంది. ఈ సమీక్ష 407 వంటి ఇత్తడి సింక్రో పెట్టెలకే వర్తిస్తుంది. అమెరికాలో పాత ఫోర్డ్ రేంజర్లకు బిగించిన మజ్దా తయారీ ఎం5ఓడీ గేర్ బాక్స్‌లో గేర్ ఆయిల్ కాకుండా ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ద్రవం పోయాలని కంపెనీయే నిర్దేశించింది. మీ బండి వేరైతే దాని పుస్తకంలోని తరగతినీ గ్రేడునూ కాగితం మీద రాసుకుని, ఆ కాగితంతోనే దుకాణానికి వెళ్లండి.