కాఫీ వాల్‌నట్ కేక్ చేయబోతున్నారా? ముక్కలుగా అమ్మే వాల్‌నట్ ప్యాకెట్లతో జాగ్రత్త

ఆన్‌లైన్‌లో ‘బేకింగ్ స్పెషల్’ అంటూ తరిగిన వాల్‌నట్ ముక్కలు అమ్ముతున్నారు. రేటు తక్కువ, రేటింగ్ బాగుంది, పైగా తరిగే పని తప్పుతుంది. అవి వేసి చేసిన రెండు లేయర్ల కాఫీ కేక్‌ను, మధ్యలో రాసిన క్రీమ్‌తో సహా పారబోయాల్సి వచ్చింది. కార్ట్‌లో వేసుకునే ముందు ఒక్కసారి ఇది చదవండి.

కేక్‌లో లోపమేమీ లేదు. బటర్, పంచదార, బేకింగ్ పౌడర్ కలిపిన మైదా తలా 225 గ్రాములు, 4 గుడ్లు, చెంచాడు వేడినీళ్లలో కరిగించిన ఇన్‌స్టంట్ కాఫీ. 180 డిగ్రీల ఓవెన్‌లో చక్కగా పొంగింది. ఇల్లంతా కాఫీ ఘుమఘుమ. అసలు చిక్కే అది, ఆ వాసన ముందు ఇంకే వాసనా తెలియదు. ముక్క నోట్లో పెట్టుకోగానే బాగానే ఉంది. మింగాక గొంతులో ఒక పాడు చేదు పట్టుకుని వదల్లేదు. తిన్నవాళ్లంతా కాఫీ ఎక్కువైందేమో అన్నారు. పైన అలంకరణకు పక్కన పెట్టిన ముక్కలు విడిగా నమిలితే తెలిసింది సంగతి. అచ్చం పాత పెయింట్ డబ్బా మూత తీసినట్టు వాసన.

ప్యాకెట్‌ను వెలుతురులో పెట్టి చూస్తే లోపలి వైపంతా నూనె జిడ్డు. వెనకాల తేదీ స్టిక్కర్ ఒక మూల లేచి ఉంది. గోటితో లాగితే కింద ఇంకో స్టిక్కర్, దాని మీద ఇంకా పాత తేదీ! రెండూ కనిపించేలా ఫొటో తీసి అమ్మినవాళ్లకు పంపాను. ‘తినే వస్తువులు వాపసు తీసుకోము, వాల్‌నట్స్ సహజంగానే కాస్త చేదుగా ఉంటాయి’ అని జవాబు. స్టిక్కర్ ఊసే లేదు.

సగం నిజం చెప్పి తప్పించుకోవడమంటే ఇదే. వాల్‌నట్ పైపొరలో టానిన్లనే వగరు పదార్థాలు ఉంటాయి కాబట్టి కొంచెం వగరు, చేదు మామూలే. కానీ అది నాలుక మీద కాసేపు ఉండి తగ్గిపోతుంది, వాసన ఉండదు. ముక్కిపోయిన పప్పుకు వాసన ఉంటుంది, చేదు గొంతు దాకా దిగి అక్కడే ఉండిపోతుంది. వాల్‌నట్ బరువులో దాదాపు 65 శాతం కొవ్వే. అందులోనూ ఎక్కువ భాగం గాలి తగిలితే త్వరగా పాడయ్యే రకం. చిత్రకారులు రంగుల్లో కలిపే నూనెల్లో వాల్‌నట్ నూనె కూడా ఒకటి, గాలికి అది ఆరి గట్టిపడుతుంది. నాకు పెయింట్ గుర్తురావడంలో వింతేం లేదన్నమాట. నిండు పప్పు కొంతవరకు తట్టుకుంటుంది. ముక్కలు చేస్తే గాలి తగిలే చోటు పెరుగుతుంది, పారదర్శకమైన ప్యాకెట్‌లో వెలుతురు కూడా తోడవుతుంది.

ఇంకో మెలిక. పెద్ద బస్తాల్లోంచి చిన్న ప్యాకెట్లలోకి మార్చి అమ్మేవాళ్లు వేసే తేదీ చాలాసార్లు ప్యాకింగ్ తేదీయే. పెంకు పగలగొట్టి ఎన్నాళ్లయిందో దాన్నిబట్టి తెలియదు. అందుకే తేదీ కొత్తగా ఉందని ధీమా పడకండి. సగం చెక్కలుగా ఉన్నవి కొని ఇంట్లోనే తరుక్కోండి. ప్యాకెట్ విప్పేటప్పుడు వీడియో తీసి పెట్టుకోండి, గొడవ వస్తే అదే ఆధారం. పిండిలో కలిపే ముందు ఒకటి విరిచి చూడండి. లోపల తెల్లగా, గట్టిగా ఉండాలి. పసుపు తిరిగి మెత్తగా వంగుతుంటే వద్దు. వేయిస్తే వాసన పోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి, పోదు. మంచివి దొరికితే గాలి చొరని డబ్బాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టండి, ఫ్రీజర్‌లో అయితే ఇంకా ఎక్కువ కాలం ఉంటాయి.

అదే చోట కాఫీ పొడి కొనేవాళ్లకు కూడా ఓ మాట. ముందువైపు ‘ప్యూర్ టేస్ట్’ అని పెద్దక్షరాలు, వెనక చీమ తలంత అక్షరాల్లో కాఫీ, చికోరీ (వేయించి పొడి చేసిన ఒక రకం వేరు) మిశ్రమమని. తాగడానికి చికోరీ ఇష్టపడేవాళ్లు బోలెడు మంది, దాంతో పేచీ లేదు. కేక్‌లో మాత్రం కాఫీ రుచి తగ్గి, మాడిన పంచదార రుచి పైకి వస్తుంది. ఇన్‌స్టంట్ అని స్పష్టంగా రాసి ఉందో లేదో కూడా చూడండి. ఫిల్టర్ పొడి కరగదు, క్రీమ్‌లో ఇసుకలా తగులుతుంది.

వాల్‌నట్ ప్యాకెట్ మీద నేను రాసిన రివ్యూ ఇంకా కనిపించడం లేదు. ప్యాకెట్లు మాత్రం అమ్ముడవుతూనే ఉన్నాయి. ఈమధ్య ఫొటోలు మార్చారు, కొత్తవాటిలో ప్యాకెట్ వెనకవైపు ఎక్కడా చూపించలేదు.