సండేస్కూలు పిల్లల కథలు సొంతంగా అచ్చేయించడం: కొన్నేళ్ల అనుభవం తర్వాత

క్రైస్తవ పిల్లల కోసం తెలుగులో కథలు రాసేవాళ్లకు ప్రచురణకర్త దొరకడం కష్టం. నేను చూసినంతలో క్రైస్తవ పుస్తకాల షాపుల్లో పిల్లల అర నిండా అనువాదాలూ బైబిలు బొమ్మల కథలే. మామూలు పిల్లల పత్రికలకు పంపితే, కథలో చర్చి కనబడగానే పక్కన పెట్టేస్తారు. అందుకే సొంత ఖర్చుతో అచ్చేయించే దారి పట్టాను, ఇప్పటికీ అదే నడుస్తోంది. ఐదుకు మూడున్నర మార్కులు వేస్తాను.

ఐఎస్‌బీఎన్ (పుస్తకానికి ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు సంఖ్య) కోసం ఎవరికీ డబ్బు కట్టకండి. కేంద్ర విద్యాశాఖ కింద ఉన్న రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ ఆన్‌లైన్‌లో ఉచితంగానే ఇస్తుంది. పుస్తకం వచ్చాక 30 రోజుల్లో కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి, చెన్నై కన్నెమరా లైబ్రరీకి, ముంబై, ఢిల్లీ లైబ్రరీలకు ఒక్కో కాపీ మన ఖర్చుతో పంపాలని 1954 నాటి చట్టం చెబుతోంది. పెద్ద పనేం కాదు.

అసలు టెన్షన్ డీటీపీ దగ్గర, అంటే కంప్యూటర్‌లో పేజీలు కూర్చే దగ్గర. మనం టైప్ చేసేది యూనికోడ్, చాలా ప్రెస్సుల్లో ఇంకా పాత పద్ధతి అను ఫాంట్లే, ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి మార్చాల్సిందే. మార్చేటప్పుడు ఒత్తులు ఎగిరిపోతాయి. ఒక పుస్తకం ప్రూఫులో ‘క్రీస్తు’ ఉన్న ప్రతిచోటా ‘కీస్తు’ అని వచ్చింది. నేనూ చదివాను, మా పాస్టరుగారూ చదివారు, ఇద్దరికీ కనబడలేదు. అలవాటైన మాటను పెద్దవాళ్ల కన్ను తనే సరిచేసుకుని చదివేస్తుంది కదా. మూడో తరగతి చదివే మా మేనకోడలు గట్టిగా చదువుతూ ‘కీస్తు అంటే ఎవరత్తా?’ అంది. అప్పటి నుంచి ఆఖరి ప్రూఫు ఆ పిల్ల చదవందే ప్రెస్సుకు వెళ్లదు.

డెమ్మీ సైజు, 48 పేజీలు, మధ్యలో పిన్ను, అట్ట మాత్రం రంగుల్లో. ఇదీ నాకు కుదిరిన లెక్క. ఆఫ్‌సెట్‌లో వెయ్యి కాపీలు వేస్తేనే గిట్టుబాటు. కాపీలు తక్కువైతే డిజిటల్, కానీ ఒక్కో పుస్తకానికి ధర పెరుగుతుంది.

అమ్మకం సంగతి వేరు. చదివేది పిల్లలే అయినా కొనేది సండేస్కూలు టీచర్లు, వీబీఎస్ (వేసవి సెలవుల్లో చర్చిలు పిల్లలకు పెట్టే బైబిలు తరగతులు) బహుమతుల కోసం కట్టలు కట్టలుగా. వాళ్లు ముందు ఆఖరి పేజీ తిప్పుతారు, నీతి ఉందా లేదా అని. కానుక పెట్టెలో వేయాల్సిన పది రూపాయలతో పుల్ల ఐసు కొనుక్కున్న పిల్లాడి కథ ఒకటి రాశాను. వాడు ఆ సాయంత్రం అమ్మ పక్కన పడుకుని చెబుదామా వద్దా అనుకుంటూ ఉండగానే కథ ఆగిపోతుంది. ‘కథ బాగుందమ్మా, వాడు పశ్చాత్తాపపడలేదేంటి? కంఠత వాక్యం ఏది?’ అని అడిగారొక సండేస్కూలు సూపరింటెండెంటు గారు. పిల్లలు బట్టీ పట్టే బైబిలు వాక్యం అన్నమాట. వాక్యం అట్ట లోపలి వైపు వేయించాను, కథ జోలికి మాత్రం వెళ్లలేదు. పిల్లలకు చదివి వినిపిస్తే వాళ్ల గొడవంతా ఐసు ఏ రంగుదని, వాడు అమ్మకు చెప్పాడా లేదా అని! ఈ దారిలో నాకున్న పెద్ద ఫిర్యాదు ఇదే. కొనేవాళ్లను మెప్పించబోతే కథ కాస్తా పాఠమైపోతుంది.

పుస్తకాల షాపులు నాకు అచ్చిరాలేదు. కమిషన్ గట్టిగా అడుగుతారు, డబ్బులకు మాత్రం తిప్పించుకుంటారు. పోస్టు నయం. 2024 డిసెంబరులో రిజిస్టర్డ్ బుక్‌పోస్టు తీసేసినప్పుడు చాలా ఇబ్బందైంది. 2025 మే నుంచి పుస్తకాల కోసం తపాలా శాఖ జ్ఞాన్ పోస్ట్ వచ్చింది. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోల దాకా 100, పన్నులు అదనం. మత గ్రంథాలనూ తీసుకుంటారు, ట్రాకింగూ ఉంది. ఊళ్లలో ఉన్న చర్చిలకు కట్ట పంపడానికి ఇంతకంటే చవకైనది నాకు తెలియదు.

నలుగురు టీచర్లతో పరిచయం ఉన్నవాళ్లు ధైర్యంగా దిగొచ్చు. ఎవరూ తెలియకుండా వెయ్యి కాపీలు వేస్తే మంచం కింద అట్టపెట్టెలే మిగులుతాయి. వీబీఎస్‌లు వేసవి సెలవుల్లో కాబట్టి పుస్తకం మార్చికల్లా చేతికి రావాలి. బొమ్మలు వేసేవాళ్లకు మాత్రం దసరాకే అడ్వాన్సు ఇచ్చేయండి, క్రిస్మస్ దగ్గరపడితే వాళ్లు దొరకరు.