సాలమాండర్ పేర్ల చిక్కు విప్పే రెండు సైట్లు: ఏది దేనికి?

బల్లిలా కనిపించే ఉభయచరాలైన సాలమాండర్ల శాస్త్రీయ నామాలు వెతికే జువాలజీ పీజీ వాళ్ళకి ముందే చెప్పేస్తున్నా, ఈ రెండు సైట్లూ వాడండి. రెండూ ఉచితం. ఒకటి అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీ వాళ్ళ ‘ఆంఫీబియన్ స్పీసీస్ ఆఫ్ ద వరల్డ్’. డారెల్ ఫ్రాస్ట్ సంపాదకత్వంలో 1985లో పుస్తకంగా వచ్చి, తర్వాత ఆన్‌లైన్‌కి ఎక్కింది. రెండోది 2000లో సాలమాండర్ల నిపుణుడు డేవిడ్ వేక్ అమెరికాలోని బర్క్‌లీ యూనివర్సిటీలో మొదలుపెట్టిన ఆంఫీబియావెబ్.

ఇలాంటి సైట్ల సత్తా చూడాలంటే నేను బొలిటోగ్లోసా పెస్‌రుబ్రా పేరు కొట్టి చూస్తాను. కోస్టారికాలోని తలమాంకా పర్వతాల మీద బతికే, ఊపిరితిత్తులే లేకుండా తడి చర్మంతో, నోటి లోపలి పొరతో గాలి తీసుకునే ఎర్రకాళ్ళ సాలమాండర్ ఇది. ఎడ్వర్డ్ టేలర్ 1952లో దీన్ని కొత్త జాతిగా వర్ణించాడు, తర్వాతివాళ్ళేమో 1896లో బౌలెంజర్ పేరు పెట్టిన సబ్‌పాల్మాటా అనే జాతిలో కలిపేశారు, చివరికి 2000లో గార్సియా-పారిస్, వేక్ తదితరులు జన్యువులు పోల్చి చూసి మళ్ళీ విడదీశారు. ఇప్పుడు తలమాంకాలో ఉన్నది పెస్‌రుబ్రా, వాయవ్యంగా ఉన్న సెంట్రల్, తిలరాన్ కొండల్లోది సబ్‌పాల్మాటా.

ఈ గొడవంతా మనకెందుకంటే, వయల్ అనే పరిశోధకుడు 1968లో తలమాంకాలోని సెర్రో దె లా ముయెర్తె అనే కొండ మీది సాలమాండర్లపై ప్రచురించిన ప్రసిద్ధ అధ్యయనం శీర్షికలో సబ్‌పాల్మాటా అనే ఉంటుంది. అందులోని జీవి నేటి లెక్కలో పెస్‌రుబ్రా! ఇది తెలియకుండా ఆ వివరాలు సబ్‌పాల్మాటా ఖాతాలో రాస్తే థీసిస్‌లో పెద్ద తప్పు దొర్లినట్టే. ఇక్కడ ఫ్రాస్ట్ డేటాబేస్‌కి సాటి లేదు: పాత పేర్లన్నీ, ఎవరు ఎప్పుడు ఏం మార్చారో వరసగా ఒకేచోట ఉంటాయి. ఫొటోలుండవు, కొత్తవాళ్ళకి ఆ పేజీ చూడగానే తల తిరుగుతుంది, ఓపిగ్గా చదవండి.

జీవి ఎలా ఉంటుంది, ఎలా బతుకుతుంది అన్నదానికి ఆంఫీబియావెబ్‌కి వెళ్ళండి. ఫొటోలు, విస్తృతి పటం బాగుంటాయి. కాకపోతే కొన్ని జాతులకి వివరంగా రాసి ఉంటుంది, కొన్నిటికి పటం తప్ప పెద్దగా ఏమీ ఉండదు. పటంలో రంగు వేసిన ప్రాంతమంతా జీవి ఉందనుకోకండి, ఒకే కొండ మీద కూడా ఎత్తు మారితే జాతి మారిపోవచ్చు.

మన దగ్గరి ఉదాహరణ కావాలంటే టైలోటోట్రైటన్ హిమాలయానస్ అనే సాలమాండర్‌ని వెతకండి. నేపాల్, డార్జిలింగ్ కొండల్లో దీన్ని ఎంతోకాలం టైలోటోట్రైటన్ వెర్రుకోసస్ అనే పిలిచారు, 2015లో వేరు జాతి అయింది. ఈ సైట్లు మొదటిసారి వాడేవాళ్ళకి ఈ ఉదాహరణే తేలిక.