కొత్త ప్రాసెసర్ పేరు చెప్పి అడ్వాన్స్ అడిగితే జాగ్రత్త: 'అల్ట్రా' అనే ఒక్క మాట దగ్గర నేను దెబ్బతిన్నాను

మొన్న సాయంత్రం వాట్సాప్‌లో ఒక మెసేజ్ వచ్చింది. "అక్కా, పాంథర్ లేక్ ల్యాప్‌టాప్‌లు దిగుతున్నాయి. ఐదు వేలు కట్టి పేరు రాయించుకుంటే ఫస్ట్ పీస్ మీకే." పాంథర్ లేక్ అంటే ఇంటెల్ వాళ్ళ కొత్త ప్రాసెసర్. మెసేజ్ పంపింది పోయిన నవంబరులో నాకు ల్యాప్‌టాప్ అమ్మిన అబ్బాయే. నేనెవరో గుర్తులేక, ఫోన్‌లో ఉన్న నంబర్లన్నిటికీ పంపినట్టున్నాడు. ఇంకెంతమందికి వెళ్ళిందో అనిపించి ఇది రాస్తున్నాను. షాపు పేరు రాయను, అడగొద్దు.

నాది కూకట్‌పల్లి. చిన్న చిన్న షాపుల వాళ్ళకి అకౌంట్లు రాసి జీఎస్టీ రిటర్నులు వేస్తుంటాను. ట్యాలీ, ఎక్సెల్, పోర్టల్, డిజిటల్ సంతకం టోకెన్, రోజంతా వీటితోనే. 2017లో కొన్న ఐ5-7200యూ ల్యాప్‌టాప్ మీద ఇన్నేళ్ళు నెట్టుకొచ్చాను. అందులో ఉన్నవి రెండే కోర్లు (ప్రాసెసర్‌లో పని పంచుకునే భాగాలు), మధ్యలో ఎస్ఎస్‌డీ వేయించాను కాబట్టి బతికింది. విండోస్ 11కి ఇంటెల్‌లో ఎనిమిదో తరం ఉండాలన్నారు. నాది ఏడో తరం. ఒక్క మార్కుతో ఫెయిలైనట్టు!

మా అక్క కొడుకు మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాడు. "తొందరపడకు పిన్నీ, ఇంటెల్ కొత్త చిప్ రాబోతోంది, కాస్త ఆగు" అన్నాడు. ఆగాను. ఆగుతున్నానని నలుగురు షాపు వాళ్ళకి చెప్పడమే నేను చేసిన తప్పు.

సెప్టెంబరు చివర్లో వేరే పని మీద సికింద్రాబాద్ వెళ్ళి, పార్క్‌లేన్‌లో షాపులు తిరిగాను. ఒక షాపులో ఈ అబ్బాయి దొరికాడు. మాట భలే మెత్తన. "అక్టోబర్ 14 తర్వాత విండోస్ 10 బంద్ అక్కా, మీ పాతది చెత్తకి వెయ్యడమే. కొత్త జెనరేషన్ అల్ట్రా స్టాక్ దసరాకి దిగుతుంది. ఇప్పుడు అడ్వాన్స్ కడితే ఈ రేటే. పైగా జీఎస్టీ తగ్గింది కదా, అదీ మీకే కలిసొస్తుంది." జీఎస్టీ తగ్గింది టీవీలకి, ఏసీలకి, 28 నుంచి 18కి. ల్యాప్‌టాప్ మీద ముందు నుంచీ 18 శాతమే. ఆ మాట నాతోనే అన్నాడు! అప్పుడే లేచి రావాల్సింది. నవ్వుకుని ఐదు వేలు కట్టాను.

స్లిప్పు మీద రాసింది ఇంతే: "న్యూ కోర్ 5, 16/512, అడ్వాన్స్ 5000." 16 అంటే ర్యామ్, 512 అంటే స్టోరేజ్, జీబీల్లో. నోటితో మాత్రం ప్రతిసారీ అల్ట్రా అనే అన్నాడు, అంటే ఇంటెల్ చిప్‌లలో పై రకమైన 'కోర్ అల్ట్రా'.

దసరా పోయింది, దీపావళి పోయింది. ఫోన్ చేస్తే "ట్రాన్స్‌పోర్ట్‌లో ఉందక్కా" అనేవాడు. ఈలోగా నా పాత ల్యాప్‌టాప్ స్క్రీన్ కీలు విరిగింది. వెనకాల దిండు ఆనించి పని చేశాను. నవంబరు 8న స్టాక్ వచ్చిందని ఫోన్ చేశాడు. 11వ తేదీకి జీఎస్టీఆర్-1 (అమ్మకాల రిటర్ను) వేయాలి, తొమ్మిది మంది క్లయింట్లు, ఆ టెన్షన్‌లో మెట్రో ఎక్కి పరుగెత్తాను. మొత్తం రూ. 71,500. బిల్లు మీద నా జీఎస్టీ నంబరు అంకె అంకె చూసుకున్నాను, ఐటీసీ, అంటే కొన్నప్పుడు కట్టిన జీఎస్టీ నా లెక్కలో కలిసి రావాలి కదా. కంప్యూటర్లకి వేసే 8471 కోడ్ ఉంది, కేంద్రానికి తొమ్మిది, రాష్ట్రానికి తొమ్మిది శాతం పన్నూ సరిపోయాయి. వస్తువు పేరు దగ్గర "ల్యాప్‌టాప్ కోర్ 5" అని ఉంటే పట్టించుకోలేదు. ఊళ్ళో వాళ్ళ బిల్లుల్లో తప్పులు వెతికే మనిషిని నేను!

తర్వాతి ఆదివారం మావాడు భోజనానికి వచ్చాడు. చెయ్యి కడుక్కుని వచ్చి, కీబోర్డు పక్కనున్న స్టిక్కర్ చూసి, "పిన్నీ, ఇందులో అల్ట్రా ఏదీ?" అన్నాడు. టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్ ట్యాబ్ నొక్కాడు. కోర్ 5 210హెచ్. కోర్లు 8, లాజికల్ ప్రాసెసర్లు 12. షాపులో నాకు చూపించిన రేటు, చెప్పిన మాటలు అల్ట్రా 5 225హెచ్ అనే చిప్‌వి. అదైతే అక్కడ 14, 14 అని కనపడాలి. ఎడమ పక్కన ఎన్‌పీయూ (ఏఐ పనుల కోసం చిప్‌లో ఉండే భాగం) అని ఇంకో గ్రాఫ్ కూడా ఉండాలి. నా దాంట్లో అదీ లేదు.

ఆ రాత్రి కూర్చుని చదివితే తెలిసింది. 2022లో ఐ5-12450హెచ్ వచ్చింది. 2023లో ఐ5-13420హెచ్. 2025 మోడళ్ళలో ఈ కోర్ 5 210హెచ్. మూడింటిలోనూ నాలుగు పెద్ద కోర్లు, నాలుగు చిన్న కోర్లు, 12 ఎంబీ క్యాష్ (చిప్ లోపలి చిన్న మెమరీ). మారింది గరిష్ఠ వేగం మాత్రమే: 4.4, 4.6, 4.8 గిగాహెర్ట్జ్. పాత చీరకి కొత్త ఫాల్ కుట్టినట్టు. ఇంటెల్ 2023లో పేర్లలోంచి 'ఐ' తీసేసి, కోర్ వేరు, కోర్ అల్ట్రా వేరు చేసింది. 'కోర్ 5' అంటే కొత్తదని మనం అనుకోవడానికి అదే కారణం. ఇంటెల్‌కి పోటీ కంపెనీ ఏఎండీ కూడా తక్కువ తినలేదు. రైజెన్ 7520యూ, 7530యూ, 7640యూ మూడూ ఏడు వేల సిరీసే. లోపలి కోర్ డిజైన్‌ని వాళ్ళు జెన్ అంటారు, అంకె పెరిగితే కొత్తది. అలా చూస్తే మొదటిది జెన్ 2, రెండోది జెన్ 3, మూడోది జెన్ 4. వాటిలో మూడో అంకె చూస్తేనే అసలు వయసు తెలుస్తుంది. ఈ ఏడాది వచ్చిన రైజెన్ ఏఐ 400లోనూ, 2024లో వచ్చిన 300లోనూ ఉన్నది అదే జెన్ 5.

నిజం చెప్పాలంటే నా చిప్ చెడ్డదేం కాదు. ట్యాలీకీ ఎక్సెల్‌కీ అది చాలు, ఎక్కువే. ఉన్నది ఉన్నట్టు చెప్పి అమ్మితే కొనేదాన్నేమో, ఆ రేటుకి మాత్రం కాదు. అదే మోడల్ ఆన్‌లైన్‌లో దాదాపు పన్నెండు వేలు తక్కువకి ఉంది.

ఇంకో సంగతి, ఇది నాకెవరూ చెప్పలేదు. 2025 అక్టోబర్ 14న విండోస్ 10 బంద్ అవ్వలేదు. మామూలు అప్‌డేట్లు ఆగాయంతే. ఇళ్ళలో వాడేవాళ్ళకి 2026 అక్టోబర్ 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తున్నారు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే డబ్బు కూడా కట్టక్కర్లేదు. ఈ ముక్క ముందే తెలిసుంటే, ఆ కీలు బాగు చేయించుకుని నింపాదిగా కొనుక్కునేదాన్ని.

అలాగని ఆగితే లాభమేనా అంటే, ఈసారి అదీ లేదు. ఏఐ డేటా సెంటర్లు మెమరీ అంతా లాక్కుపోతుంటే, పోయిన ఏడాది చివర్నుంచి ర్యామ్ రేట్లు ఎగబాకాయి. పాంథర్ లేక్, అంటే కోర్ అల్ట్రా సిరీస్ 3, జనవరిలో లాస్ వేగాస్‌లో విడుదలైంది. బ్యాటరీ మీద ఎక్కువ పని చేసేవాళ్ళకి, కొత్త గ్రాఫిక్స్ అవసరమైన వాళ్ళకి ఆగడంలో అర్థం ఉంది. నాలాగా నెలనెలా గడువు తేదీలు ఉన్నవాళ్ళు, పాతది పూర్తిగా మొరాయించకముందే, అవసరం తరుముకు రాకముందే కొనుక్కోవాలి. చేతిలో పని ఆగిపోయినప్పుడు ఏ డబ్బా ఇస్తే అదే తెచ్చుకుంటాం. స్నాప్‌డ్రాగన్ చిప్ ఇంటెల్, ఏఎండీల రకం కాదు, కాబట్టి అది ఉన్న ల్యాప్‌టాప్ కొనేవాళ్ళు మాత్రం ముందుగా డిజిటల్ సంతకం టోకెన్‌కి డ్రైవర్ ఉందో లేదో కనుక్కోండి.

షాపులో ఇంకా చూడని ల్యాప్‌టాప్‌కి అడ్వాన్స్ కట్టకండి. తప్పదంటే స్లిప్పు మీద ప్రాసెసర్ పూర్తి నంబరు, కంపెనీ మోడల్ నంబరు, ఫలానా తేదీకి రాకపోతే డబ్బు వాపసు అని రాయించుకోండి. సీలు తీయకముందే డబ్బా పక్కనున్న లేబుల్ చదవండి, ఆ నంబర్లే బిల్లులోకి ఎక్కించండి. ఆ అబ్బాయి నసుగుతాడు. నసగనివ్వండి.

నేను 1915కి ఫోన్ చేశాను, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ అది. ఫిర్యాదు నంబరు మెసేజ్‌గా వచ్చింది. జిల్లా కమిషన్‌కి వెళ్ళాలన్నా మనం ఉండే చోటే వేయొచ్చు, ఐదు లక్షల లోపు దానికి ఫీజు లేదు. కానీ నా స్లిప్పూ బిల్లూ రెండూ "కోర్ 5" అనే అంటున్నాయి, అబద్ధం లేదు! అల్ట్రా అన్నది గాల్లో కలిసిపోయింది. హెల్ప్‌లైన్ వాళ్ళు కదిపాక ఓనరే ఫోన్ చేశాడు. వెనక్కి ఇస్తే పది శాతం కోస్తానన్నాడు. అప్పటికే క్లయింట్ల డేటా అంతా ఎక్కించేశాను. వాదించగా వాదించగా ఏడు వేలు యూపీఐలో వేశాడు. దానికి క్రెడిట్ నోటు (బిల్లు మొత్తం అంత తగ్గించామని ఇచ్చే కాగితం) ఇవ్వమంటే ఇంతవరకు ఇవ్వలేదు, అది లేకుండా నా లెక్క తేలదు. సోమవారం మళ్ళీ పార్క్‌లేన్ వెళ్ళాలి.