సిరొంచలో మట్టి గోడా, తడిక గోడా?

ప్రాణహిత గోదావరిలో కలిసే సిరొంచ వైపు ఇల్లు కట్టుకునేవారికి చేతికందే సరుకు మట్టి, వెదురు. గడ్డి కలిపి తొక్కిన మట్టితో మూర మందాన లేపిన గోడ పగటి ఎండను తనలోనే పట్టి ఉంచుతుంది. ఆ వేడి లోపలికి చేరేసరికి రాత్రవుతుంది, అప్పుడు కిటికీలు తెరిస్తే చాలు. మే నెల మధ్యాహ్నం కునుకు తీయాలంటే నా ఓటు దీనికే. కాకపోతే అడుగు నానితే కూలుతుంది. రాతి పునాది, వెడల్పాటి చూరు తప్పవు.

వెదురు తడికకు మట్టి, పేడ మెత్తిన గోడ పలుచన. త్వరగా వేడెక్కుతుంది, త్వరగానే చల్లారుతుంది. రాత్రి పడుకునే గదికి నయం. వాన మట్టిని కడిగేసినా తడిక నిలిస్తే మళ్లీ మెత్తుకోవచ్చు. వెదురును కొన్ని వారాలు పారే నీటిలో నానబెట్టాలి (ఆ ఓపిక ఎందరికి ఉంది?), లేకపోతే పురుగు పొడి చేస్తుంది.