మేకల కొట్టంలో ప్లాస్టిక్ జల్లెడ పలకలు: నాలుగు వానాకాలాల అనుభవం

2020 అక్టోబరులో హైదరాబాద్‌ను ముంచెత్తిన వానలు చాలామందికి గుర్తుండే ఉంటాయి. చేవెళ్ల వైపున్న మా కొట్టం అప్పుడు రోజుల తరబడి ఆరలేదు. మట్టి నేల, పైన రేకులు, పక్కనుంచి జల్లు. మొరం పోస్తే రెండు రోజులు బాగుండేది, మూడో రోజుకి అదీ బురదలో కలిసిపోయేది. ఒకరోజు పొద్దున్నే ఓ చూడి మేక ముందుకాలు కింద పెట్టకుండా నిలబడింది. పట్టుకుని గిట్టలు విడదీసి చూస్తే మధ్యలో తోలు తెల్లగా చివికిపోయి ఉంది, ముక్కు పగిలే వాసన. పది రోజుల్లో ఇరవై నాలుగింటిలో తొమ్మిది కుంటడం మొదలుపెట్టాయి. పశువుల డాక్టర్ మందిచ్చి, "నేల ఆరకపోతే ఈ మందు దండగే" అన్నారు.

2021 వేసవిలో నాలుగడుగుల ఎత్తున ఇనుప పైపులు నిలిపి, పైన ప్లాస్టిక్ జల్లెడ పలకలు పరిపించాను. ఇరవై అడుగుల పొడవు, పదహారు వెడల్పు. రెండడుగుల చదరపు పలకలు ఎనభై పట్టాయి. సందు ఒకటిన్నర సెంటీమీటర్లు. పెంటికలు, మూత్రం కిందికి పోతాయి, మేక పొడిగా పడుకుంటుంది. అప్పటి నుంచి గిట్టల కుళ్ళు ఏటా ఒకటి రెండు మేకలకే వచ్చింది. మేకపిల్లల్లో పారుడు కూడా తగ్గింది. తడి పెంటలో పెరిగే కాక్సిడియా అనే పేగు పరాన్నజీవి వాటి నోటికి చేరడం తగ్గినందుకే అనుకుంటున్నాను.

ఇబ్బందులు లేవని కాదు. అమ్మినవాళ్లు పైపులు రెండడుగులకొకటి చాలన్నారు. బరువైన పోతులు తిరిగే మూలలో రెండో ఏడే పలకలు కుంగాయి. మధ్యలో ఇంకో పైపు వేయించాక కుదురుకుంది. మూత్రం తగిలి ఇనుము తుప్పు పడుతుంది, ఏటా రంగు వేయాల్సిందే. రోజుల పిల్లల గిట్టలు సందులో ఇరుక్కుంటాయి. ఒకసారి ఓ పిల్ల అరుపు విని పరుగెత్తి, పలక ఎత్తి కాలు తీయాల్సి వచ్చింది. అందుకే మొదటి మూడు వారాలు వాటి మూలలో గోనెపట్టా పరిచి, రోజూ మార్చి ఎండేస్తున్నాం. పచ్చిమేత ఎక్కువైన రోజుల్లో పెంట మెత్తగా పడి సందుల్లో అతుక్కుంటుంది, గట్టి చీపురుతో గీకితే గానీ పోదు.

అసలు నాకు ఆలస్యంగా తెలిసింది వేరే ఉంది. పలకలు బురదను పోగొట్టవు, చోటు మారుస్తాయి. మొదటి ఏడాది కొట్టం కింద మట్టిని అలాగే వదిలేశాను. శ్రావణంలో కింది నుంచి ఘాటు లేచి మనుషులకే కళ్లు మండాయి, మేకలు దగ్గాయి. మేకలు దిగే వాలు దగ్గర, నీళ్ల తొట్టి చుట్టూ మోకాలి లోతు బురద. ఆ కాళ్లతోనే పైకెక్కేవి. తర్వాతి వేసవిలో కింద సిమెంటు వాలు పోసి, మూత్రం పక్క గుంతలోకి పోయేలా కాలువ కట్టించాను. రేకుల నీరు దూరంగా పడేలా గొట్టం బిగించాను. నీళ్ల తొట్టిని మేకలు దిగే వాలుకు దూరం జరిపాను. ఆ వాలు మొదట్లో ఆరడుగుల గచ్చు, దాని మీద వెడల్పాటి తొట్టి. వానాకాలంలో వారానికి రెండుసార్లు అందులో ఇరవై లీటర్ల నీళ్లకు కిలో మైలుతుత్తం కలిపి, కాళ్లు ముంచి పంపుతాం. దాన్ని తాగనివ్వకూడదు, విషం. కింది పెంట పది రోజులకొకసారి ఊడ్చి కూరగాయల రైతులకిస్తాం.

నాలుగడుగుల ఎత్తు మాత్రం చాలదు. నడుం వంచి ఊడ్చే మనిషి కష్టం నేను రోజూ చూస్తున్నాను. ఇప్పుడు పోతుల కోసం పక్కనే ఇంకో కొట్టం మొదలుపెట్టాం. ఈసారి ఐదున్నర అడుగులు, పైపులు అడుగుకొకటి. పలకలు ఇంకా తేలేదు, కాలువ మాత్రం ఇప్పటికే తవ్వించాను.